నొప్పి తగ్గింది, కానీ మోకాలు నిలవడం లేదు

కోనసీమ నుంచి 21 ఏళ్ల యువకుడు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఆయన తండ్రి మూడెకరాలు కౌలుకు చేస్తారు. ఈయన డిగ్రీ పూర్తి చేసి కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నారు. ఎనిమిదో తరగతి నుంచి కబడ్డీ ఆడుతున్నారు. ఊరి జట్టులో కూతకు వెళ్లేది ఎక్కువగా ఆయనే. మొన్న కనుమనాడు హైస్కూలు వెనుక కోత కోసిన చేలో పోటీ జరిగింది. బోనస్ గీత దాటి వెనక్కి తిరిగే క్షణంలో కుడిపాదం వరి దుబ్బుల మధ్య నాటుకుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగిపోయింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తోయలేదు. లోపల ‘టప్’మన్న చప్పుడు తనకు వినిపించిందని, గంట తిరగకుండానే మోకాలు కొబ్బరిబోండంలా పొంగిందని రాశారు. ఆ రాత్రి వేడినీళ్ల కాపడం పెట్టి ఆముదంతో మర్దన చేశారు. మర్నాడు పక్క ఊళ్లో ఒక పెద్దాయన పసరు కట్టు కట్టారు. మూడు వారాలు మంచం మీదే గడిచాయి.

కట్టు విప్పేసరికి వాపు, నొప్పి తగ్గాయి. అందుకని తెల్లవారుజామున కాలువ గట్టు మీద పరుగు మొదలుపెట్టారు. నాలుగో రోజు గట్టు దిగుతుండగా మోకాలు జారిపోయి కూలబడ్డారు, వారం తర్వాత మళ్లీ అదే జరిగింది. అప్పుడు స్నేహితుడి దగ్గర అప్పు చేసి కాకినాడలో ఎమ్మారై తీయించుకున్నారు. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిందని, లోపలి వైపు మెనిస్కస్ అనే మెత్తలో చిన్న చిరుగు ఉందని రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ చేయాలని, లక్షన్నర దాకా అవుతుందని ఒక ప్రైవేటు డాక్టరు చెప్పారు. ఈ సంగతి తల్లికి తెలుసు, తండ్రికి తెలియదు. దాళ్వా (రెండో పంట వరి) పెట్టుబడికి తల్లి నగలు ఇప్పటికే తాకట్టులో ఉన్నాయి. తండ్రి మాత్రం కట్టుతో కాలు బాగైందని అందరికీ చెప్పుకుంటున్నారు. ‘ఈవెంట్స్’ (పరుగు, గెంతు వంటి దేహదారుఢ్య పరీక్షలు) నాలుగైదు నెలల్లో ఉండవచ్చని కోచింగ్ సెంటర్లో అంటున్నారట. పరుగు రోజున నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించుకుంటే సరిపోతుందని జట్టులో ఒకరి సలహా. ఆపరేషన్ తప్పదా, ఈవెంట్స్ పరుగెత్తగలనా, కట్టు వల్లే కాలు పాడైందా, నాన్నకు ఎలా చెప్పాలి అని ఆయన అడుగుతున్నారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: పదిహేనేళ్ల తమ్ముడికి గత వారం కబడ్డీలోనే చీలమండ బెణికిందని, వాడినీ ఆ కట్టుకే తీసుకువెళతామంటున్నారని.

మీ ఉత్తరంలో ‘ఇప్పుడు నొప్పి లేదు’ అన్న మాట నాలుగు చోట్ల కనిపించింది. ముందు ఆ మాట దగ్గరే ఆగుతాను. ఎందుకంటే మీ ఇంట్లో అందరి ఆలోచనా, మీ పరుగూ, మీ స్నేహితుడి ఇంజెక్షన్ సలహా కూడా ఆ మాట మీదే నిలబడి ఉన్నాయి. నొప్పి వేరు, మోకాలి నిలకడ వేరు. ఏసీఎల్ అనేది మోకాలి మధ్యలో తొడ ఎముకను కింది కాలి ఎముకకు కలిపి ఉంచే గట్టి తాడు. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా అది ఆపుతుంది. రేవులో పంటును (బల్లకట్టును) మోకుతో కట్టడం మీరు చూసే ఉంటారు. మోకు తెగినా, నీళ్లు కదలనంతసేపూ పంటు ఒడ్డుకు ఆనుకునే ఉంటుంది; బండి ఎక్కించబోయినప్పుడే తేడా తెలుస్తుంది. మీ మోకాలు ఇప్పుడు అలా ఉంది. లిగమెంట్ తెగినప్పుడు దానిలోని రక్తనాళాలు కూడా తెగి కీలులోకి రక్తం చేరుతుంది. గంటలోపే అంత వాపు వచ్చింది అందుకే. కొన్ని వారాల్లో శరీరం ఆ రక్తాన్ని పీల్చేసుకుంటుంది, దానితో పాటు నొప్పీ పోతుంది. తాడు మాత్రం తెగినట్టే ఉంటుంది. కొందరిలో అది కొంతవరకు తిరిగి అతుక్కున్నట్టు స్కానింగుల్లో కనిపించిన మాట నిజమే కానీ, రెండుసార్లు జారిన మోకాలి విషయంలో ఆ ఆశ మీద పరుగెత్తడం క్షేమం కాదు.

నేను మీ కాలు చూడలేదు, కాబట్టి నా మాట పరీక్షకు బదులు కాదు. అయినా ఎవరూ తాకకుండానే మెలి తిరగడం, చప్పుడు, వెంటనే వాపు, తర్వాత గట్టు దిగేటప్పుడు జారడం, ఈ నాలుగూ ఏసీఎల్ గాయంలో పదేపదే కనిపించే లక్షణాలే. రిపోర్టుకూ మీ కథకూ తేడా లేదు. ఎముకల డాక్టరు మోకాలిని కొద్దిగా వంచి, కింది ఎముకను చేత్తో ముందుకు లాగి చూస్తారు. ఫిల్ముతో పాటు ఆ పరీక్ష కూడా జరగాలి.

కట్టు సంగతి నిష్పక్షపాతంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద మీ ఇంట్లో రేపు మాటలు పెరిగే అవకాశం ఉంది. లిగమెంట్ తెగింది కనుమనాడు చేలో, ఆ ఒక్క క్షణంలో. కట్టు దాన్ని తెంపలేదు, అతికించనూ లేదు. కీలు లోపలి తాడుకు పైనుంచి కట్టే ఏ కట్టూ అందదు. నష్టం వేరే రెండు చోట్ల జరిగింది. మొదటి రెండు మూడు రోజుల్లో వేడి కాపడం, మర్దన లోపలి రక్తస్రావాన్నీ వాపునూ పెంచుతాయి. తర్వాత మూడు వారాలు కాలిని కదలనివ్వకపోవడం వల్ల తొడ ముందు కండరం కరిగిపోతుంది. దర్జీ టేపు తీసుకుని, మోకాలిచిప్ప పై అంచుకు పది సెంటీమీటర్ల పైన రెండు తొడలనూ కొలవండి. కుడి తొడ సన్నబడి ఉంటుందనే నా అంచనా. మోకాలు జారడానికి తెగిన తాడు ఒక కారణమైతే, దాన్ని నిలబెట్టాల్సిన ఈ కండరం బలహీనపడటం రెండో కారణం. మొదటిది మీ చేతిలో లేదు. రెండోది పూర్తిగా మీ చేతిలో ఉంది.

మీ ముందు ఆపరేషన్ చేయించుకోవడం, మానడం అని రెండు దారులే ఉన్నట్టు రాశారు. నాకు మూడు కనిపిస్తున్నాయి. మూడోది మీకు తెలియకుండానే మీరు ఇప్పటికే నడుస్తున్న దారి: ఎవరికీ చెప్పకుండా, ఏ వైద్యమూ లేకుండా గట్టు మీద పరుగెత్తడం. దీని పర్యవసానమే అన్నిటికంటే చెడ్డది. మోకాలు జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది. మీ రిపోర్టులో ఇప్పుడు చిన్నదిగా ఉన్న చిరుగు పెద్దదవుతుంది. మెనిస్కస్ బయటి అంచుకే రక్తప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి లోపలి భాగంలో చిరిగితే అది అతుక్కోవడం కష్టం. కత్తిరించాల్సి వస్తే నడివయసుకే మోకాలు అరిగే ప్రమాదం పెరుగుతుంది. ఉద్యోగం కోసం పరుగెత్తుతూ ఉద్యోగం చేయడానికి కావలసిన కాలును పోగొట్టుకునే దారి ఇది. ఈ ఒక్క విషయంలో నేను సలహా కాదు, గట్టిగా కోరుతున్నాను: గట్టు మీద పరుగు ఇవాళే ఆపండి.

మిగిలిన రెండింటిలో మొదటిది, క్రమపద్ధతిలో ఫిజియోథెరపీ చేసి, తర్వాత ఆపరేషన్ అవసరమో కాదో తేల్చుకోవడం. ఇది డబ్బు లేనివారు సర్దుకునే దారి అనుకోకండి. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది చురుకైన యువతీయువకుల మీద జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో, సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావారికి ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు వర్గాల మోకాళ్ల స్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వ్యాయామంతో మొదలుపెట్టినవారిలో దాదాపు సగం మందికి ఐదేళ్లలోగా ఆపరేషన్ అవసరమైంది, మిగతా సగానికి అవసరం పడలేదు. మీరు ఏ సగంలో ఉంటారో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. మూడు నెలల శ్రమ తర్వాత మీ మోకాలే చెబుతుంది. అయితే మీ మెనిస్కస్ చిరుగు ఈ లెక్కను మార్చవచ్చు. అది కుట్టు వేయాల్సిన చిరుగైతే ఆలస్యం చేయకూడదు. ఏ రోజైనా మోకాలు మధ్యలో పట్టేసి పూర్తిగా చాపలేకపోతే, చిరిగిన ముక్క కీలులో ఇరుక్కుందని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ పరిస్థితిలో మూడు నెలలు ఆగడం ఉండదు.

ఆ మూడు నెలల పని ఖరీదైనది కాదు, కానీ రోజూ చేయాల్సినది. ముందు మోకాలు ఎడమకాలితో సమానంగా పూర్తిగా చాపగలగాలి: మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ కండరాన్ని బిగించి మోకాలిని నేలకు నొక్కడంతో మొదలవుతుంది. తర్వాత కాలు చాచి ఎత్తడం, బల్ల మీద నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, అది తేలికయ్యాక ఒంటికాలితో అదే పని. మన డెల్టా రోడ్లు చదునుగా ఉంటాయి కాబట్టి పాత సైకిలు ఒకటి మీకు మంచి సాధనం. సీటు ఎత్తు పెంచుకుని తొక్కండి. కాలువలో ఈతకు దిగినా కాళ్లు నిటారుగా పైకీ కిందకీ ఆడించండి, కప్పలా విదిలించకండి. గెంతడం, మెలి తిరగడం, కబడ్డీ, వాలీబాల్ ఈ కాలంలో వద్దు. ఫిజియోథెరపిస్టును రోజూ కలవడం మీ ఊరి నుంచి సాధ్యం కాదు; రెండు వారాలకు ఒకసారి వెళ్లి తర్వాతి మెట్టు నేర్చుకుని వస్తే చాలు. మర్నాడు పొద్దున మోకాలు వాచిందంటే ముందురోజు పని ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు వెనక్కి రావాలి. ఒకవేళ ఆపరేషనే ఎంచుకున్నా ఈ శ్రమ వృథా కాదు. వాపు పోయి, కదలిక పూర్తిగా వచ్చి, తొడ బలపడిన మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత బిగుసుకుపోయే ప్రమాదం తక్కువ.

రెండోది ఆపరేషన్. మళ్లీ కూతకు వెళ్లాలన్న కోరిక బలంగా ఉంటే డాక్టర్లు ఎక్కువగా దీనివైపే మొగ్గుతారు, దానికి కారణం ఉంది: కబడ్డీ అంతా ఒక్కసారిగా ఆగి, మెలి తిరిగే ఆట. తెగిన లిగమెంట్‌ను కుట్టడం కంటే, మీ శరీరం నుంచే, సాధారణంగా తొడ వెనుక కండరం నుంచి గానీ మోకాలిచిప్ప కింది నుంచి గానీ, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి పట్టీ) తీసి కొత్త తాడుగా అమర్చడమే ఎక్కువగా జరుగుతుంది. ఆ తాడు మొదటి రెండు మూడు నెలల్లో బలపడటానికి బదులు కొంత బలహీనపడి, తర్వాత నెమ్మదిగా లిగమెంట్‌లా మారుతుంది. నొప్పి లేదని తొందరపడేవారు ఈ దశలోనే మోసపోతారు. మీ ఇంటి లెక్కలో చెబుతాను. వేసవిలో కాలువలు కట్టేసేలోగా ఆపరేషన్ అయితే, కాలువలకు నీళ్లు వదిలి సార్వా (వానాకాలం వరి) నారుమళ్లు పోసి, ఊడ్పులు సాగే నాటికి నెమ్మదిగా తిన్నని పరుగు మొదలుపెట్టవచ్చు. కబడ్డీ అయితే సార్వా కోతలు అయ్యాకే, అదీ పరీక్షలు నెగ్గితేనే. తొమ్మిది నెలలలోపు ఇలాంటి ఆటలకు తిరిగి వెళ్లినవారిలో మోకాలు మళ్లీ దెబ్బతినడం బాగా ఎక్కువని, ఆగిన ప్రతి నెలకూ ఆ ప్రమాదం తగ్గుతూ వచ్చిందని నార్వేలోని ఓస్లోలో ఆటగాళ్లను గమనించి 2016లో ప్రకటించిన పరిశోధన చెప్పింది. కుడి తొడ బలం, ఒంటికాలి గెంతు దూరం ఎడమవైపుతో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలన్నది ఇప్పుడు చాలామంది పాటించే కొలత. అన్నీ చేసినా, 25 ఏళ్లలోపు ఆటకు తిరిగి వెళ్లినవారిలో నలుగురైదుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలిలో ఏసీఎల్ మళ్లీ తెగుతుంది. ఆపరేషన్ చేయించుకుంటే పాత కాలు వచ్చేస్తుందన్న భరోసా మీకు ఎవరైనా ఇస్తే, ఈ మాట గుర్తుంచుకోండి. తిరిగి నిలబడటం అసాధ్యమూ కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో కుస్తీ క్వార్టర్ ఫైనల్ మధ్యలో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్ మీద బయటికి వెళ్లిన వినేశ్ ఫోగాట్, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచారు. మధ్యలో రెండేళ్లు పట్టింది.

డబ్బు విషయంలో ఒక ప్రైవేటు అంచనాతోనే ఆగిపోకండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఎముకల విభాగంలో ఫిల్ము చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో ఉన్న ఆసుపత్రికి వెళ్లి, మీ కార్డు మీద ఈ ఆపరేషన్ వస్తుందో లేదో ఆ పథకం సహాయకులకు రిపోర్టు చూపించి అడగండి. ఎక్కడ అడిగినా లోపల అమర్చే స్క్రూ, బటన్ వంటి సామగ్రి ఖర్చును, తర్వాతి ఫిజియోథెరపీని కలిపి కాగితం మీద రాయించుకోండి. ఫిజియోథెరపీకి డబ్బు మిగలని ఆపరేషన్ సగం వైద్యమే అవుతుంది.

ఇప్పుడు ఈవెంట్స్. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు అని ఉంది. అందులో సివిల్ పోస్టులకు 1600 తప్పనిసరి, మిగిలిన రెండింటిలో ఒకటి నెగ్గితే చాలన్నారు. ఏపీఎస్పీకి (రాష్ట్ర ప్రత్యేక పోలీసు బెటాలియన్లకు) మూడూ కావాలన్నారు. కొత్త నోటిఫికేషన్ వచ్చాక నిబంధనలను, వైద్య ప్రమాణాలను మీరే చదువుకోండి. ఈ మూడింటి భారం మోకాలి మీద ఒక్కలా ఉండదు. చదును ట్రాక్ మీద తిన్నగా పరుగెత్తడంలో ఏసీఎల్ పాత్ర తక్కువ. తొడ బలంగా ఉన్న కొందరు అది తెగిన కాలితోనూ సురక్షితంగా పరుగెత్తగలరు. 1600ను 8 నిమిషాల్లో అంటే కిలోమీటరుకు 5 నిమిషాలు. మీరు కబడ్డీ ఆడినవారు కాబట్టి ఊపిరి సమస్య కాదు. లాంగ్‌జంప్ అలా కాదు, ఎగిరేది ఒంటికాలి మీద, దిగేటప్పుడు మోకాలు అదుపు తప్పే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆపరేషన్‌ను తర్వాతకు ఉంచి, మూడు నెలలు బలం పెంచుకుని, వాపు రాకుండా, ఒక్కసారి కూడా జారకుండా ఉంటే, ఫిజియోథెరపిస్టు అనుమతితో 1600, 100 మీటర్లకు మాత్రం ప్రయత్నించడం ఆలోచించదగ్గ దారే. దీనిలో ఏపీఎస్పీ అవకాశం వదులుకుంటారు, మధ్యలో జారితే మెనిస్కస్‌ను పణంగా పెట్టినట్టవుతుంది. ఇప్పుడే ఆపరేషన్ చేయించుకుంటే ఈసారి ఈవెంట్స్ దాదాపుగా పోతాయి, కాలికి మాత్రం వ్యవధి దొరుకుతుంది. మీకు 21 ఏళ్లే కాబట్టి వయోపరిమితి, మీకు వర్తించే సడలింపు చూసుకుని తర్వాతి నోటిఫికేషన్ లెక్కలోకి తీసుకోవచ్చు. నన్నడిగితే, మూడు నెలల తర్వాత మోకాలి స్థితి చూసి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటాను, ఇప్పుడే తేదీకి కట్టుబడవద్దంటాను. 2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన పి.వి. సింధు, చీలమండలో ఎముక చిట్లిందని తెలియగానే అదే నెలలో ఉన్న ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకుని, 2023 జనవరిలో తిరిగి కోర్టులోకి వచ్చారు. ఆమెకు ఆ తేదీ మీకు ఈవెంట్స్ తేదీ కంటే తక్కువైనదేమీ కాదు.

ఇంజెక్షన్ ఆలోచన పూర్తిగా విడిచిపెట్టండి. మీ మోకాలికి ఉన్నది నొప్పి సమస్య కాదని మీరే రాశారు. జారే మోకాలిని ఏ నొప్పి మందూ ఆపలేదు, జారబోతోందన్న హెచ్చరికను మాత్రం తీసేస్తుంది. పైగా ఎండలో, నీళ్లు సరిగా తాగక, ఖాళీ కడుపుతో నొప్పి మందు తీసుకుని పరుగెత్తడం కడుపుకూ మూత్రపిండాలకూ ప్రమాదం. మోకాలిలోకి స్టెరాయిడ్ అంటే అది ఇంకా వేరే సంగతి, దానికి ఒప్పుకోవద్దు.

మీ నాన్నగారి విషయం మిమ్మల్ని మోకాలికంటే ఎక్కువ బాధిస్తోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. దాచడానికి మీరు చెప్పిన కారణం ఖర్చు. కానీ మీరు ఆయనకు చెప్పాల్సిన మొదటి మాట ‘లక్షన్నర’ కాదు. ఇప్పటికిప్పుడు కావలసింది మూడు నెలల వ్యాయామం, కాకినాడకు బస్సు ఖర్చు, ఒక రెండో అభిప్రాయం. అంతవరకే చెప్పండి, అది అబద్ధమూ కాదు. తాడు తెగింది చేలోనని, కట్టు తప్పు కాదని ముందే అనండి, ఎందుకంటే కట్టు కట్టిన పెద్దాయన దగ్గరికి మిమ్మల్ని తీసుకువెళ్లింది నాన్నగారే, ఆ నేరం తన మీద పడుతుందన్న భయం ఏ తండ్రికైనా కోపంగా మారుతుంది. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని, టేపుతో రెండు తొడలూ కొలిచి చూపించండి. ఎమ్మారై ఫిల్ము కంటే ఆ తేడా ఆయనకు త్వరగా అర్థమవుతుంది. కాకినాడకు ఆయనను వెంట తీసుకువెళ్లండి, డాక్టరు నోట ఆయనే వినాలి. ఆయన ఒప్పుకోకపోయినా వ్యాయామానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. చెప్పకుండా ఉండిపోతే మాత్రం, మళ్లీ గట్టు మీద కూలబడిన రోజున ఆయన ఈ సంగతి ఊరివాళ్ల ద్వారా తెలుసుకుంటారు.

తమ్ముడి చీలమండకు మీ దగ్గర జరిగిన పొరపాట్లు జరగనివ్వకండి. గాయమైనప్పుడుగానీ ఇప్పుడుగానీ ఆ కాలిమీద నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ ఉన్న ఎముక గుబ్బల వెనుక అంచుమీద నొక్కితే విపరీతంగా నొప్పి పెట్టినా ఎక్స్‌రే తీయించండి, ఈ వయసులో ఎదిగే ఎముక చిట్లి ఉండవచ్చు. అవేవీ లేకపోతే బెణుకే అయి ఉంటుంది. వాపు ఇంకా ఉంటే రొయ్యలకు వాడే ఐసు మీ ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుంది. గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మం మీద వద్దు. కాలు దిండు మీద ఎత్తి ఉంచడం, సాగే పట్టీ చుట్టడం మంచిదే, వేళ్లు తిమ్మిరెక్కినా నీలంగా మారినా పట్టీ వదులు చేయాలి. కదలకుండా బిగించి వారాల తరబడి పడుకోబెట్టవద్దు. నొప్పి భరించగలిగినంత నడవనివ్వండి. గోడ పక్కన నిలబడి గాయపడిన కాలిమీద ముందు కళ్లు తెరిచి, తర్వాత కళ్లు మూసుకుని అర నిమిషం నిలదొక్కుకోవడం రోజూ చేయించండి. ఆ కాలిమీద నొప్పి లేకుండా, రెండో కాలంత దూరం గెంతగలిగే వరకు వాణ్ణి బరిలోకి దింపవద్దని మీ జట్టువాళ్లకు మీరే చెప్పండి, మీ మాట వింటారు.